గుర్తు పెట్టేసేరు

జూన్ 17, మంగళవారం. ఉదయం 11 గంటల 6 నిమిషాలకు అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి రెండో అంతస్తులో స్టాఫ్ నర్సు రేచల్ కుడి ముంజేతి ఎముక విరిగింది. సెలైన్ స్టాండుతో కొట్టినవాడు సింహాద్రి. వయసు నలభై నాలుగు. కొబ్బరిచెట్లు నరికే ముఠాకు మేస్త్రి. రేచల్ చేతిలోని సిరంజి మంచం కిందికి దొర్లిపోయింది. మంచం మీద ఉన్నది సింహాద్రి బావ అంజిబాబు. ఆ సిరంజిలో ఉన్నది ఆయనకు ఆ నిమిషంలో పడాల్సిన మందు. అప్పటికి ఆయన బీపీ 80/50.

అంజిబాబుది మామిడికుదురు మండలం. వయసు యాభై మూడు. ఇరవై రెండేళ్లుగా కొబ్బరితోటల్లో చెట్లకు గుర్తు పెట్టడం ఆయన పని. ఎర్రముక్కు పురుగు మానులోకి దూరిన కొత్తలో పైకి ఏమీ కనబడదు. ఆయన మానుకు చెవి ఆనించి వింటాడు. లోపల పురుగులు పీచు నమిలే చప్పుడు వస్తుంది. వస్తే, ఛాతీ ఎత్తున తడి సున్నంతో ఒక సున్నా చుడతాడు. మర్నాడు సింహాద్రి ముఠా వస్తుంది. సున్నా ఉన్న చెట్టును నరికి, చీల్చి, తోటలోనే తగలబెడుతుంది. సున్నా లేని చెట్టు ఇంటికప్పు మీదకు ఒరిగి ఉన్నా ముట్టుకోదు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

ఆ ముఠాలో ఇక బతకరనుకున్న మనుషుల గురించి కూడా గుర్తు అనే మాటే వాడతారు. రెండేళ్ల క్రితం సింహాద్రి తండ్రిని కాకినాడ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. ఆయన్ను చూసి బయటికొచ్చిన అంజిబాబు, "మావయ్యగారికి గుర్తు పడిపోయిందిరా" అన్నాడు. మూడోరోజు ఆయన పోయాడు.

ఏప్రిల్‌లో అంజిబాబు మెడకు కుడివైపు గడ్డ కనబడింది. జూన్ నాటికి అడ్డంగా 9.2 సెంటీమీటర్లు అయింది. ముక్క తీసి పరీక్షిస్తే లింఫోమా అని తేలింది. రక్తంలోని బి కణాలు అనే రకం తెల్లకణాలకు వచ్చే క్యాన్సర్ అది. గడ్డ అప్పటికే శ్వాసనాళాన్ని ఎడమకు నెట్టింది. వారంలోపు మందు మొదలుపెట్టకపోతే గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టర్ నిఖిత కేసు షీటులో రాసింది.

జూన్ 16, సోమవారం సాయంత్రం నిఖిత అంజిబాబునూ ఆయన భార్యనూ కూర్చోబెట్టి మాట్లాడింది. సింహాద్రి అక్కడ లేడు.

"ఏం పని చేస్తారండీ మీరు?"

"చెట్లకి గుర్తెడతానండి."

"నరికేది?"

"మా బామ్మర్దండి. నేను గొడ్డలి ముట్టుకోను."

అంజిబాబు భార్య నాగదుర్గ అందుకుంది. "ఇంట్లో కొబ్బరికాయ కూడా కొట్టరండి ఈయన. ఇదిగో, ఈ కాయ అని చూపించి ఊరుకుంటారు. కొట్టేది నేనే."

"సున్నం రాస్తే చెట్టు చచ్చిపోతుందా?"

"సున్నమేం చేస్తదండీ, నరికేవోడు రావాలి గానీ."

"రేపు ఎక్కించే మందూ అంతేనండి. అది యాంటీబాడీ. గడ్డలో కణాల్ని అది చంపదు. వెళ్లి వాటికి అంటుకుంటుంది. గుర్తు పెడుతుందన్నమాట. చంపే కణాలు మీ రక్తంలోనే ఉన్నాయి. కిల్లర్ కణాలంటాం. అవి ఆ గుర్తు చూసి పని మొదలెడతాయి."

అంజిబాబుకు అనుమానం వచ్చింది. "మరి గుర్తు పడినా ముఠా రాకపోతేనండీ? ఓసారి పండక్కి మావోళ్లు వారం రాలేదు. పురుగు పక్క చెట్లకి ఎక్కేసింది."

"నా భయం కూడా అదే. అందుకే లెక్క చూసేం. మైక్రోలీటరు రక్తానికి నూట నలభై ఉన్నాయి. ఎక్కువేం కాదు."

"నూట నలభై మందా? చాలండి. మా బామ్మర్ది దగ్గర ఏడుగురే."

"ఇంకోటి. చెట్టు పడేటప్పుడు పక్కనేముంటే అది పోతుంది కదా?"

"ఆయ్. అరటి పోద్ది, కంచె పోద్ది."

"ఒంట్లోనూ అంతే. ఆ గుర్తు మంచి బి కణాల మీద కూడా పడుతుంది, అవీ పోతాయి. అవి తర్వాత మళ్లీ పుడతాయి. చంపేటప్పుడు కిల్లర్ కణాలు రక్తంలోకి రసాయనాలు వదులుతారు... అంటే వదులుతాయి. దాంతో చలి రావచ్చు, బీపీ పడిపోవచ్చు. మంచం ఊగిపోయేంత చలి. భయపడకుండా బెల్లు నొక్కండి."

"వదులుతారన్నారు చూడండి," అన్నాడు అంజిబాబు నాగదుర్గతో. "డాక్టరుగారికి కూడా మనుషుల్లాగే కనబడుతున్నారు."

లేచే ముందు నిఖిత నీలం మార్కరుతో మెడమీద గడ్డ అంచు వెంట ఒక గీత చుట్టింది. గడ్డ పెరిగిందో తగ్గిందో కొలవడానికి అది కొండగుర్తు. చూడటానికి సున్నాలా ఉంది.

మంగళవారం ఉదయం 9.50కి రేచల్ మందు మొదలుపెట్టింది. అంతకు అరగంట ముందే రియాక్షన్ రాకుండా ఇచ్చే మాత్రలు, ఇంజెక్షన్ అయ్యాయి. మందు 600 మిల్లీగ్రాములు. గంటకు 50 చొప్పున మొదలుపెట్టి, 10.20కి వంద చేసింది. స్నానంలో సగం చెరిగిన నీలం గీతను ఉదయం ఏడింటికి ఆమే దిద్దింది.

10.12కి నాగదుర్గ తమ్ముడికి ఫోను చేసింది. అప్పుడు సింహాద్రి మామిడికుదురు దగ్గర తోటలో ఉన్నాడు. పక్కన రంపం మిషను నడుస్తోంది. ఆ మిషను నడిపే సుందరరావు నాగదుర్గ గొంతు విన్నాడు. ఫోను స్పీకరులో ఉందని అతను పోలీసులకు చెప్పాడు.

"ఒరే తమ్ముడూ, మీ బావకి గుర్తు పెట్టేసేరంట్రా."

"ఏంటక్కా?"

"గుర్తురా, గుర్తు! పెట్టేసేరంట. ఇంక నరుకుడే అన్నారు డాక్టరుగారు."

ఆమె నవ్వుతూ చెప్పానంటోంది. మిషను చప్పుడులో నవ్వు వినబడలేదని సుందరరావు అంటున్నాడు. సింహాద్రి మిషను ఆపమని చెయ్యి ఊపి, మళ్లీ ఫోను చేశాడు. మూడుసార్లు చేశాడు. నాగదుర్గ ఫోను మంచం పక్కన చార్జింగులో పెట్టి, ఇడ్లీ తేవడానికి కిందికి వెళ్లింది.

10.20కి సింహాద్రి బండి తీశాడు. సుందరరావు వెనక ఎక్కాడు. గొడ్డలి ఉన్న గోనెసంచి బండికి కట్టే ఉంది. బోడసకుర్రు వంతెన మీద సింహాద్రి ఒక్క మాటే అన్నాడు: "మా అయ్యప్పుడు ఊరుకున్నాను."

10.50కి రేచల్ మందు వేగాన్ని గంటకు 150 చేసింది. 10.58కి అంజిబాబుకు చలి మొదలైంది. ముందు దవడ, తర్వాత భుజాలు, తర్వాత కాళ్లు. మంచం కడ్డీ గోడకు కొట్టుకుని సున్నం పెళ్లలు రాలాయి. ఆయన నాలుక కొరుక్కున్నాడు. నెత్తురు గడ్డం మీదకు కారింది. 10.59కి రేచల్ మందు ఆపేసింది. అప్పటికి 97 మిల్లీగ్రాములు వెళ్లింది. ఆక్సిజన్ పెట్టి, నిఖితకు ఫోను చేసి, హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్ సిరంజిలోకి తీసుకుంది.

అదే సమయంలో అంజిబాబు రక్తంలో జరిగింది ఏమిటో నిఖిత తర్వాత ఎస్సైకి చెప్పింది. తప్పు మందు ఏమైనా ఇచ్చారా అని ఆయన అడిగినందుకు చెప్పింది. యాంటీబాడీ ఆకారం ఇంగ్లిషు వై అక్షరంలా ఉంటుంది. రెండు చేతులు గడ్డ కణం పైపొరను పట్టుకుంటాయి. తోక బయటికి ఉంటుంది. ఆ తోకను పట్టే కొక్కెం కిల్లర్ కణానికి ఉంది. కొక్కెం పడగానే కిల్లర్ కణం గడ్డ కణానికి అతుక్కుని, దాని పొరకు చిల్లులు పొడుస్తుంది. ఆ చిల్లుల్లోంచి ఎంజైములు లోపలికి దించుతుంది. గడ్డ కణం లోపలి నుంచి ముక్కలవుతుంది. కిల్లర్ కణం దాన్ని వదిలేసి మరో గుర్తు వెతుక్కుంటుంది. ముక్కల్ని మింగే కణాలు వేరే వస్తాయి. చంపుతున్న కణం మిగతావాటిని పిలవడానికి రసాయనాలు వదులుతుంది. అలా పిలిచేవి లక్షల్లో ఉంటే చలి వస్తుంది.

"అంటే మందు పనిచెయ్యబట్టే చలి వచ్చిందంటారా?" అన్నాడు ఎస్సై.

"పనిచెయ్యబట్టేనండి."

11.03కి సింహాద్రి గదిలోకి వచ్చాడు. సుందరరావు మెట్ల దగ్గర ఆగిపోయాడు. అప్పటికి తిరిగొచ్చిన నాగదుర్గ భర్త కాళ్లు పట్టుకుని ఉంది.

"ఏం చేసేరు మా బావని?"

"చలి రియాక్షనండి," అంది రేచల్. "మందు ఆపేసేను. ఈ ఇంజెక్షన్ పడితే తగ్గుతుంది. కొంచెం పక్కకి జరగండి."

"ఇంకో ఇంజెక్షనా?"

"ఒరే, వస్తదని డాక్టరుగారు నిన్ననే చెప్పేరురా," అంది నాగదుర్గ.

"చెప్పి మరీ చేస్తన్నారా అక్కా!"

"మీరు తర్వాత మాట్లాడదురు గాని, ముందు జరగండి బాబూ, బీపీ పడిపోతోంది."

సింహాద్రి జరగలేదు. మంచం మీదకు వంగి చూశాడు. అంజిబాబు పళ్లు కొట్టుకుంటున్నాయి. మెడమీద సున్నా ఉంది.

"ఎవరు పెట్టేరీ గుర్తు?"

"ఆ గీతా? నేనేనండి. పొద్దున్న చెరిగితే దిద్దేను."

సింహాద్రి స్టాండు పెరికి మొదటి దెబ్బ తలకు వేశాడు. రేచల్ చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు తనకు వినబడిందని నాగదుర్గ చెప్పింది. స్టాండుకు వేలాడుతున్న మందు సంచి గోడకు తగిలి చిట్లింది. 503 మిల్లీగ్రాములు నేల మీద పోయాయి. రెండో దెబ్బ మందు వేగాన్ని నడిపే పంపు మీద పడింది. మూడోది రేచల్ వీపు మీద పడింది. తర్వాత అతను స్టాండు వదిలి, అంజిబాబు చేతికున్న సూదిని ట్యూబుతో సహా పీకేశాడు. నెత్తురు దుప్పటి మీద చిమ్మింది. రేచల్ మోకాళ్ల మీద లేచి, ఎడమ బొటనవేలు ఆ రంధ్రం మీద పెట్టి నొక్కింది.

"బావా, లే. ఇంటికి పోదాం లే," అంటున్నాడు సింహాద్రి.

నాగదుర్గ కేక వేసింది. "పట్టుకోండి, పట్టుకోండి" అని వరండాలో ఎవరో అరిచారు. పక్క గదుల నుంచి రోగుల బంధువులు తొమ్మిది మంది వచ్చారు. సింహాద్రిని జుట్టు పట్టి ఈడ్చి వరండాలో పడేశారు. ఆక్సిజన్ సిలిండరు తిప్పే ఇనప స్పానరుతో ఒకరు నోటి మీద కొట్టారు. రెండు పళ్లు ఊడాయి. వెల్లకిలా పడ్డాక కూడా ఆరు నిమిషాలు తన్నారు. ఇది సీసీ కెమెరాలో ఉంది.

ఆ తొమ్మిది మందిలో ఎవరికీ సింహాద్రి ఎవరో తెలియదు. అతని చొక్కా మీద రంపపు పొట్టు ఉంది. మెట్ల దగ్గర నిలబడ్డ సుందరరావు చొక్కా మీద కూడా ఉంది. "ఇదిగో, ఈడూ ఆళ్లోడే" అన్నారు ఎవరో. సుందరరావు వయసు నలభై ఎనిమిది. "నేనేం చెయ్యలేదండీ" అని అతను అన్న మాట కెమెరా రికార్డులో రెండుసార్లు ఉంది. అతన్ని మెట్ల మీద నుంచి తోసి, కింద మళ్లీ కొట్టారు. మూడు పక్కటెముకలు విరిగాయి. ఒకటి ఊపిరితిత్తిలోకి దిగింది.

నిఖిత 11.09కి వచ్చింది. అంజిబాబు బీపీ 60. చలి ఆగింది, పిలిస్తే పలకడం లేదు. తొడకు అడ్రినలిన్ పొడిచింది. నరం కోసం రెండుచోట్ల గుచ్చితే దొరకలేదు.

"ఎడమ మోచేతి లోపల చూడండి మేడం," అంది రేచల్ నేల మీద కూర్చుని. "పొద్దున్న చూసి ఉంచేను."

అక్కడ దొరికింది. 11.31కి బీపీ 90కి వచ్చింది. 11.40కి అంజిబాబు కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు. ఆ తర్వాత రేచల్‌ను ఎక్స్‌రేకు తీసుకెళ్లారు.

బుధవారం ఉదయం ఆసుపత్రిలోని పద్నాలుగు మంది నర్సులు ఆ గదిలోకి వెళ్లబోమని కాగితం రాసి సంతకాలు పెట్టారు. రోగిని కాకినాడ తీసుకెళ్లమని మేనేజరు నాగదుర్గకు చెప్పాడు. గడ్డ అప్పటికి 9.6 సెంటీమీటర్లు. అంజిబాబు వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదు. అంబులెన్సులో పంపితే దారిలో గొంతు మూసుకుపోవచ్చని నిఖిత మేనేజరుకు రాసిచ్చింది. కొత్త మందు విశాఖపట్నం నుంచి ఐసు పెట్టెలో బయలుదేరింది.

సాయంత్రం నాలుగింటికి వాంగ్మూలం తీసుకోవడానికి ఎస్సై వచ్చాడు. నాగదుర్గ ఐదు నిమిషాలు ఆగమని ఆయన్ను గుమ్మం బయట నిలబెట్టింది. తలుపు తెరిచే ఉంది.

"చూళ్లేదని చెప్పండి. అంత చలిలో ఏం చూస్తారు? ఎవరూ కాదనరు."

"చూసేను."

"నా తమ్ముడండీ. మీ మీద ప్రేమకొద్దీ చేసేడు."

"తెలుసు."

"తెలిస్తే మరి? ఇద్దరు ఆడపిల్లలు ఆడికి."

అంజిబాబు మాట్లాడటానికి రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. "ఇరవై రెండేళ్లలో నేను పెట్టని గుర్తుకి ఆడు గొడ్డలెత్తలేదు. నిన్న ఎత్తేడు. నన్నో మాట అడిగితే చెప్పేవోణ్ని కదా."

"మీకు నోట మాటెక్కడుందండీ అప్పుడు?"

"చలి తగ్గేదాకా ఆగాల్సింది."

నాగదుర్గ బయటికి వెళ్లిపోయింది. ఎస్సై కూర్చున్నాడు. "ఎవరు కొట్టేరండీ?"

"సింహాద్రి. నా బామ్మర్ది. సుందరరావు గదిలోకి రాలేదు, అది కూడా రాయండి. ఆ పిల్ల నన్ను కాపాడతంటే ఆడు కొట్టేడు. ఏం రాసేరో చదవండి."

చదివించుకుని సంతకం పెట్టాడు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడి, హత్యాయత్నం కింద సింహాద్రి మీద కేసు నమోదైంది. అతన్నీ సుందరరావునూ కొట్టినందుకు తొమ్మిది మంది మీద మరో కేసు నమోదైంది. తొమ్మిది మందిలో నలుగురినే గుర్తుపట్టారు.

గురువారం ఉదయం సుప్రియ అనే నర్సు ఆ గదికి డ్యూటీ వేయించుకుంది. కాగితం మీద సంతకం పెట్టిన పద్నాలుగు మందిలో ఆమె కూడా ఉంది. బుధవారం సాయంత్రం ఆరింటికి ఆమె మూడో అంతస్తులో రేచల్‌ను చూడటానికి వెళ్లింది.

"ఆ సంతకం నాకోసం పెట్టేవా?" అంది రేచల్.

"నీకోసమేనే. కాకపోతే ఎవరికోసం?"

"నా చెయ్యి సంగతి పోలీసులు చూసుకుంటారు గాని, నువ్వెళ్లి డ్రిప్పు రేటు చూడు. ఇరవై ఐదుతో మొదలెట్టు. చలి రాకుండానే హైడ్రోకార్ట్ ఇచ్చెయ్యి. నరం ఎడమ మోచేతి దగ్గర."

"మళ్లీ ఎవడైనా వస్తే?"

"తలుపు గడియ పెట్టుకోవే. గడియ ఉందా ఆ గదికి?"

గడియ లేదు. గురువారం పొద్దున్నే బిగించారు. ఒక కానిస్టేబులు గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. 9.15కి సుప్రియ గంటకు 25 మిల్లీగ్రాముల చొప్పున మందు మొదలుపెట్టింది. 11.20కి చలి వచ్చింది. పదకొండు నిమిషాలు ఉంది. మంచం గోడకు తగలకుండా నాగదుర్గ మధ్యలో తన వీపు పెట్టింది. బీపీ 100 కంటే తగ్గలేదు. చలి ఆగాక మళ్లీ మొదలుపెట్టి, వేగం మెల్లగా పెంచుతూ పోయారు. సాయంత్రం 6.40కి సంచి ఖాళీ అయింది.

శుక్రవారం ఉదయం రక్తపరీక్షలు వచ్చాయి. పొటాషియం 5.6. యూరిక్ యాసిడ్ 9.1. రెండూ ఉండాల్సినదాని కంటే ఎక్కువే. పగిలిన కణాల నుంచి రక్తంలోకి వచ్చే ఎల్‌డీహెచ్ సోమవారం 880, ఇప్పుడు 2,140.

"నరుకుడు జోరుగానే ఉందన్నమాట," అన్నాడు అంజిబాబు.

"జోరుగానే ఉందండి. నరికినదంతా బయటికి పోవాలి. లేకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. నీళ్లు తాగండి."

"ఎన్ని?"

"నాలుగు లీటర్లు."

నాగదుర్గ గ్లాసు అందించింది. బుధవారం సాయంత్రం తర్వాత ఆమె భర్తతో మొదట మాట్లాడిన మాట, "తాగండి."

సింహాద్రిని నోటికి చికిత్స చేయించాక శుక్రవారమే కోర్టులో హాజరుపరిచారు. రిమాండు విధించారు. బెయిలు పిటిషను జులై 4న కొట్టేశారు. గోనెసంచిలోని గొడ్డలిని పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. దాన్ని సంచిలోంచి తీయలేదని పంచనామాలో ఉంది. సుందరరావు ఊపిరితిత్తికి వేసిన గొట్టం జూన్ 26న తీశారు. రేచల్ ముంజేతిలో ప్లేటు, ఆరు స్క్రూలు ఉన్నాయి.

జులై 10, గురువారం. రెండో విడత మందుకు అంజిబాబు అమలాపురం వచ్చాడు. వెంట నాగదుర్గ ఉంది. మెడమీద పాత గీత చెరిగిపోయింది. మందు మొదలుపెట్టే ముందు, ఉదయం 9.05కి, నిఖిత గడ్డ అంచు వెంట నీలం మార్కరుతో మళ్లీ సున్నా చుట్టి, స్కేలు పెట్టి కొలిచింది. అడ్డంగా 4.1 సెంటీమీటర్లు.